మినహాయింపు తెచ్చిన కొఱత



గడచిన రెండు మాసములలో ఈ శీర్షికకు వచ్చిన జాబులలో నాలుగింటియందు ఒకే ప్రశ్న కనబడినది. ఆస్ట్రేలియాలో చదువుకొనుచున్న బిడ్డల తల్లులు వ్రాసిన జాబులవి. చదువు ముగిసిన పిమ్మట కొన్నాళ్ళు అచ్చటనే ఉద్యోగము చేసికొనుటకు వీసా వచ్చునా, రాదా యని వారి ఆరాటము. అందొకామె, "రెండేండ్లు చదివిన వారికందఱికి ఇచ్చెదరని మా యూరి కన్సల్టెన్సీవారు చెప్పినారు. మా అమ్మాయి రెండేండ్లు చదువుచున్నది. ఇంక మాకు దిగులు లేదు గదా!" యని వ్రాసినారు.

దిగులు లేదని వ్రాయుటకు నా చేయి యాడలేదు. రెండేండ్లు అనగా ఎన్ని దినములు? ఎవరి లెక్కకు రెండేండ్లు? ఈ సంగతి తెలియకనే మా యింటి పిల్ల యొకతె ఇంచుకలో తన కష్టమునంతను పోగొట్టుకొనవలసినది. ఆ కథ చెప్పినచో నాలుగు జాబులకును సమాధానము దొరకునని తలచి వ్రాయుచున్నాను.

విరాటపర్వము చదివినవారికి ఒక ఘట్టము జ్ఞాపకముండును. ఉత్తర గోగ్రహణమునాడు అర్జునుడు బయటపడగానే, గడువు నిండకమునుపే పాండవులు కనబడిరని దుర్యోధనుడు సంబరపడెను. అప్పుడు భీష్ముడు లెక్క కట్టెను. అయిదేండ్లకు రెండు అధికమాసములు వచ్చును. వానిని చేర్చి చూచినచో 13 ఏండ్ల గడువు నిండి, పైన కొంత మిగిలినదని తేల్చెను. సంవత్సరమను మాట ఒక్కటే. కొలుచు మానములు వేఱు. దుర్యోధనుని వ్రేళ్ళ మీది లెక్కకు నిండనిది భీష్ముని లెక్కకు నిండినది.

ఆస్ట్రేలియావారి నియమములో సైతము ఇట్టి రెండు మానములు కలవు. ఆ వీసాకు టెంపరరీ గ్రాడ్యుయేట్ వీసా యని పేరు, 485 అని సంఖ్య. దానిని కోరువారు ఆస్ట్రేలియాలో రెండు విద్యా సంవత్సరముల చదువును పూర్తిచేసి యుండవలెను. విద్యా సంవత్సరములనగా ఉగాది నుండి ఉగాదికి కాదు. విదేశీ విద్యార్థులకు చెప్పదగిన కోర్సులనన్నిటిని అచ్చటి ప్రభుత్వము ఒక పట్టికలో నమోదుచేసి యుంచును. క్రైకాస్ అని దాని పొట్టిపేరు. ప్రతి కోర్సునకు ఎదుట అది యెన్ని వారముల చదువో వ్రాయబడి యుండును. ఆ పట్టికను బట్టి 92 వారములకు తక్కువ కాని చదువు పూర్తి కావలెను. ఇది యొక మానము. ఆ చదువు మొదలుపెట్టిన నాటినుండి ముగించిన నాటివరకు గోడమీది క్యాలెండరు ప్రకారము 16 నెలలకు తగ్గకుండ పట్టియుండవలెను. ఇది రెండవది. ఒకటి త్రాసు, ఒకటి శేరు. తూకమునకు సరిపోయినది కొలతకును సరిపోవలెను. ఒకదాని యెచ్చుతో మఱియొకదాని తగ్గును పూడ్చుకొనుటకు వీలులేదు. ఒక్క వారము తక్కువైనను పోనిమ్మనుటకు అచ్చటి అధికారికి అధికారము లేదు. ఆ కచ్చేరీలో భీష్ముడు లేడు.

ఇంక మా యింటి సంగతి. మా పెద్ద ఆడపడుచుగారి కుమార్తె 2023 ఫిబ్రవరిలో మెల్బోర్నునకు పోయినది. ఇచ్చట ఇంజనీరింగు ముగించి అచ్చట కంప్యూటరు విద్యలో రెండేండ్ల మాస్టర్సు డిగ్రీలో చేరినది. 4 సెమిస్టరులు, సెమిస్టరునకు 4 సబ్జెక్టుల చొప్పున మొత్తము 16. క్రైకాస్ పట్టికలో ఆ కోర్సునకు 104 వారములు. అన్నయ్యగారిది చిన్న ఉద్యోగము. ఇంటి పత్రములు పెట్టి బ్యాంకులో విద్యాఋణము తీసికొనిరి. అది చాలక వదినగారు తమ రెండు జతల గాజులను కుదువపెట్టిరి.

పిల్ల అచ్చటికి చేరిన తొలి వారములలోనే విశ్వవిద్యాలయము నుండి యొక లేఖ వచ్చినది. ఇచ్చట ఇంజనీరింగులో చదివిన రెండు సబ్జెక్టులు అచ్చటి రెండింటితో సరిపోవుచున్నవి కావున వానిని మరల చదువనక్కఱలేదనియు, వాని ఫీజు కట్టనక్కఱలేదనియు దాని సారాంశము. అట్లు అడుగుమని కన్సల్టెన్సీవారే ఆమెచేత దరఖాస్తు పెట్టించిరి. సబ్జెక్టునకు సుమారు 4,500 డాలర్లు, రెండింటికి 9,000. మన రూపాయలలో అయిదు లక్షలకు దగ్గఱ.

వదినగారు ఆ సాయంకాలమే మా యింటికి వచ్చిరి. "చూశావా అమ్మాయీ దాని తెలివి! చదివిందే మళ్ళీ చదవక్కర్లేదట. అయిదు లక్షలు మిగిలాయి" అని మురిసిపోయిరి. మేమును మురిసితిమి. ఎవరు మురియరు? ఆ మిగిలిన సొమ్ముతో గాజులు విడిపించుకొని, వరలక్ష్మీవ్రతమునాడు వానిని తొడిగికొనియే మా యింటికి వాయనమునకు వచ్చిరి.

పిల్ల అద్దెకుండు నింటిలో మఱియొక తెలుగు బాలిక కలదు, వరంగల్లు ప్రాంతమువారు. ఆమె 2022 ఫిబ్రవరిలో వచ్చి చేరినది. ఆమెకు నాలుగు సబ్జెక్టులు, అనగా ఒక సెమిస్టరు మొత్తము, మినహాయింపు లభించినది. ఏడాదిన్నరలో డిగ్రీ ముగించినది. ఫీజు తగ్గినదనియు, తోటివారికంటె ఆఱు నెలలు ముందుగా సంపాదనలో పడుదుననియు ఆమె సంతోషించినది. 16 నెలలు నిండినవి గదా యని ధైర్యముగ 485 వీసాకు దరఖాస్తు చేసికొన్నది. 2024 జనవరిలో నిరాకరణ వచ్చెను. 16 సబ్జెక్టులకు 104 వారములైనప్పుడు 12 సబ్జెక్టులకు 78 వారములే గదా! శేరు నిండినది, త్రాసు తేలిపోయినది. ఆ కాగితము చేతబట్టుకొని ఆమె వంటగదిలో తెల్లవాఱువఱకు కూర్చుండియున్నదట. దరఖాస్తు రుసుము తిరిగి రాదు. మఱల చదువునకు వీసా అచ్చటనే యుండి కోరుటకు వీలు చిక్కక కొన్ని వారములలో ఆమె స్వదేశమునకు తిరిగివచ్చినది.

ఆ రాత్రి మా పిల్ల తల్లికి ఫోను చేయలేదు, మాకు చేసినది. "అత్తయ్యా, మామయ్యను ఒకసారి లెక్క చూడమనండి. నాకూ రెండు సబ్జెక్టులు తీసేశారు కదా. కాని నేను నాలుగు సెమిస్టర్లూ ఇక్కడే ఉంటున్నాను. రెండేళ్ళూ నిండుతాయి. నాకేమీ కాదు కదా?" అన్నది. ఆ చివరి మాటలో దాని గొంతు వణకినది.

మావారు పిల్లల పరీక్షకాగితములు దిద్దుచుండిరి. ఒక కాగితము వెనుక లెక్క వేసిరి. 104ను 16 చేత భాగించినచో సబ్జెక్టునకు 6.5 వారములు. ఆమె చదువునవి 14. హెచ్చించిరి. 91 వచ్చెను. తప్పేమోయని మరల హెచ్చించిరి. నేను వేఱొక కాగితము మీద హెచ్చించితిని. 91యే. కావలసినది 92.

ఆమె రెండేండ్లును ఆ యూరనే యున్నది. చివరి రెండు సెమిస్టరులలో నాలుగేసి సబ్జెక్టులకు మాఱుగా మూడేసి చదువుననియే తేడా. కాని వారు లెక్కించునది ఆ దేశమున గడపిన కాలమును గాదు, ఆ దేశమున చదివిన చదువును. మన దేశమున చదివి అచ్చట మినహాయింపు తెచ్చుకొన్న రెండు సబ్జెక్టులు ఆమె డిగ్రీకి పనికివచ్చును, వీసా లెక్కకు పనికిరావు. మఱునాడు పిల్ల మైగ్రేషన్ ఏజెంటుగా నమోదైన యొకరికి రుసుము చెల్లించి అడిగినది. ఆయనయు అదే లెక్క చెప్పెను.

వదినగారిని పిలిపించి చెప్పవలసివచ్చినది. సగము వినునప్పటికి ఆమె ముఖము వాడినది. "ఒక్క వారమే కదరా! బతిమాలుకుంటూ ఉత్తరం రాస్తే ఒప్పుకోరా?" అని తమ్ముని అడిగిరి. "వాళ్ళు ఒప్పుకుందామన్నా రూలు ఒప్పుకోదక్కయ్యా" అని మావారనిరి. కొంతసేపు ఎవరును మాటలాడలేదు. పిదప వదినగారు నావైపు తిరిగి, "కాసిని సబ్బునీళ్ళు ఇవ్వమ్మా" అనిరి. ఎందుకో నాకు మొదట తెలియలేదు. గిన్నెతో తెచ్చి యిచ్చితిని. ఆమె ముంజేయి తడుపుకొని గాజులు ఒక్కొక్కటియే తీసి బల్లమీద పెట్టుచుండిరి. నాలుగును తీసినారు. మావారింకను ఆ కాగితము మీదనే లెక్కలు వేయుచున్నారు. హఠాత్తుగా తల యెత్తి, "అక్కయ్యా, రెండక్కర్లేదు. ఒక్క సబ్జెక్టు వెనక్కి తీసుకుంటే పదిహేను అవుతాయి. తొంభై ఏడున్నర వారాలు. చాలు" అనిరి. వదినగారు ఒక జత మరల తొడిగికొనిరి. రెండవ జతను నా చేతనే జేబురుమాలలో మూట కట్టించుకొని బ్యాంకునకు తీసికొనిపోయిరి.

మూడవ సెమిస్టరు అప్పటికింకను మొదలు కాలేదు. పిల్ల విశ్వవిద్యాలయమునకు వ్రాసి, తనకిచ్చిన మినహాయింపులలో నొకదానిని రద్దు చేయుమని కోరెను. వారంగీకరించి ఆ సబ్జెక్టును మూడవ సెమిస్టరులో చేర్చిరి. అన్ని విశ్వవిద్యాలయములవారును ఇట్లు అంగీకరింపవలెనని లేదు, అంగీకరించు చోట్ల గడువులుండును. డిగ్రీ ముగిసిన పిమ్మట మాత్రము ఈ దారి మూసికొనిపోవును. అప్పుడు మిగులునది మఱియొక కోర్సులో చేరి, దాని వారములను మొదటిదాని వారములతో కలుపుకొనుటయే. అట్లు కలుపుటకు చట్టము ఒప్పును గాని, ఆ రెండవదియు క్రైకాస్ పట్టికలోనున్న డిగ్రీయో, డిప్లొమాయో, వృత్తివిద్యా యోగ్యతయో కావలెను. కేవలము ఇంగ్లీషు నేర్పు కోర్సు పనికిరాదు. దానికి మఱల ఫీజు, మఱల విద్యార్థి వీసా. ఆ వీసా రుసుమే 2024 జూలై 1న 710 డాలర్ల నుండి 1,600 డాలర్లకును, 2025 జూలై 1న 2,000 డాలర్లకును పెరిగినది.

మినహాయింపును ఎవరును బలవంతముగా రుద్దరని సోదరీమణులు గ్రహింపవలెను. అచ్చటి జాతీయ నియమావళి ప్రకారము విద్యాసంస్థవారు తమ నిర్ణయమును వ్రాతమూలముగ తెలుపుదురు. విద్యార్థి దానిని అంగీకరింపవలెను, ఆ అంగీకారపు వ్రాతను విద్యాసంస్థవారు దాచియుంచవలెను. మా పిల్లయు అంగీకరించినది, ఒక మీట నొక్కి, పది క్షణములలో. ఆ లేఖలో ఫీజు ఎంత తగ్గునో స్పష్టముగ నున్నది. వీసా మాట లేదు. విశ్వవిద్యాలయమువారి పని చదువు చెప్పుట. వీసా సంగతి వేఱొక శాఖవారిది. వారినేమనుటకును లేదు. ఇచ్చటి కన్సల్టెన్సీవారికి మాత్రము నా మనస్సులో క్షమాపణ లేదు. పిల్లను చేర్పించినందుకు కళాశాలలనుండి ప్రతిఫలము ముట్టును గనుక, చేరిన తరువాత ఏమగునో వారు చూడరు. అయిదు లక్షలు మిగిల్చితిమని తమ దుకాణములో గొప్ప చెప్పుకొనిరి గూడ.

మినహాయింపులన్నియు చెడ్డవని నా భావము కాదు. అదే దేశమున నమోదైన కోర్సులో కొన్ని సబ్జెక్టులు చదివి, కోర్సు మాఱినప్పుడు వానికి లభించు మినహాయింపు వేఱు. ఆ చదువు ఆ దేశముననే జరిగినది గనుక లెక్కకు వచ్చును. మూడేండ్ల డిగ్రీలో రెండు సబ్జెక్టులు తగ్గినను 92 వారములకు ఢోకా లేదు. చిక్కంతయు రెండేండ్ల మాస్టర్సువారికే. మన పిల్లలలో ఎక్కువమంది పోవునది దానికే గదా! ఇంక ఏడాదిన్నర మాస్టర్సు కోర్సులని కొన్ని గలవు, పట్టికలో 78 వారములుగ నమోదైనవి. ఫీజు తక్కువయని వానిని చూపువారున్నారు. వానిని ఒంటిగా చదివినచో తప్పక కొఱతయే.

తెలివిగల పిల్లలు వేసవి సెలవులలోను పాఠములకు పోయి 104 వారముల కోర్సును 18 నెలలలో ముగించుట కలదు. దానికి భయము లేదు. ఒక్క సబ్జెక్టును విడువక 16ను చదివినారు గనుక పట్టిక ప్రకారము వారికి 104 వారములును వచ్చును. 16 నెలలును దాటినవి. వరంగల్లు బాలిక గడపినదియు 18 నెలలే. ఒకే పొడవు, రెండు ఫలితములు. దీనికి విలోమముగ, 78 వారముల కోర్సును పరీక్షలు తప్పి తప్పి రెండేండ్లు సాగదీసినను అది 78 వారములే యగును. తప్పిన సబ్జెక్టును రెండు మాఱులు చదివినను ఒక్క మాఱే లెక్క. చదువు సాగు దినములలో విద్యార్థులు పక్షమునకు 48 గంటలకు మించి కూలిపని చేయరాదని 2023 జూలై 1 నుండి నియమమున్నది. రాత్రిళ్ళు దుకాణములలో నిలువబడి పగలు తరగతిలో కునుకు తీయు పిల్లల సంగతి తల్లులకు ఫోనులో వినబడదు. "బాగానే ఉన్నానమ్మా" అని మాత్రము వినబడును.

రెండవ చిక్కు ఆఱు నెలల గడువు. ఈ చదువును పూర్తిచేసిన నాటినుండి ఆఱు నెలలలోపల దరఖాస్తు చేరవలెను. పూర్తియైన నాడనగా స్నాతకోత్సవమున నల్లగౌను తొడిగి పట్టా యందుకొన్న నాడు గాదు. కావలసిన సబ్జెక్టులన్నియు ఉత్తీర్ణమైనవని విశ్వవిద్యాలయము తెలిపిన నాడు. మా పిల్లకు 2024 డిసెంబరులో ఆ లేఖ వచ్చినది. స్నాతకోత్సవము మఱుసటి మే నెలలో. "పట్టా చేతికి రాకుండా దరఖాస్తు ఎలా పెడతారు?" అని వదినగారు పట్టుబట్టిరి. ఆమె మాట వినియుండినచో అయిదు నెలలు వట్టినే జరిగిపోవును. మిగిలిన ఒక్క నెలలో కావలసిన కాగితములు సమకూడుట కష్టము.

ఆ కాగితములలో మూడు, దరఖాస్తు పెట్టునాటికే చేత నుండవలెను. ఒకటి ఇంగ్లీషు పరీక్ష. "దేశము విడుచునప్పుడే వ్రాసినది గదా" యని అందఱును తలతురు. 2024 మార్చి 23 నుండి, దరఖాస్తునకు ముందు ఒక్క యేడాదిలోపల వ్రాసిన పరీక్షయే చెల్లును. ఐ.ఇ.ఎల్.టి.ఎస్. అయినచో మొత్తమున 6.5, నాలుగు భాగములలో నొక్కొక్కదానియందు 5.5కు తగ్గరాదు. రెండేండ్లు ఇంగ్లీషుననే చదివితిమన్నను మన పాస్‌పోర్టుగలవారికి పరీక్ష తప్పదు. రెండవది ఆస్ట్రేలియా ఫెడరల్ పోలీసువారి ధ్రువపత్రమునకు దరఖాస్తు చేసికొన్నట్లు నిదర్శనము. పత్రము తరువాత వచ్చినను వచ్చును గాని, దానికి దరఖాస్తు ముందుగా పడియుండవలెను. వీసా దరఖాస్తు పంపిన మఱునాడు పోలీసు కాగితమునకు పంపినవారు, ఒక్క దినపు తేడాతో అంతయు పోగొట్టుకొనుట కలదు. మూడవది ఆరోగ్య బీమా. విద్యార్థిగా నున్నప్పటి బీమా వీసాతోనే ముగియును. క్రొత్తది తీసికొని దాని పత్రమును జతపఱచవలెను.

చదివిన కాలమంతయు ఆస్ట్రేలియా గడ్డమీద నుండి, చదువుట కనుమతించు వీసాతో, ఇంగ్లీషుభాషలో బోధింపబడు కోర్సునే చదివియుండవలెను. ఒక సెమిస్టరు మనయింటనుండియే ఇంటర్నెట్టులో చదివెదనని పిల్ల అడిగినచో, తల్లికి ఎంత ముద్దుగానున్నను ఒప్పుకొనరాదు.

వృత్తివిద్యా కళాశాలల డిప్లొమాలు చదివినవారి దారి మఱింత ఇఱుకు. 92 వారములు నిండినంతమాత్రమున వారికి చాలదు. చదివిన చదువు ప్రభుత్వపు జాబితాలోనున్న యొక వృత్తికి దగ్గఱగా సంబంధించినదై యుండవలెను, ఆ వృత్తిని పరీక్షించు సంస్థయొద్ద దరఖాస్తు పడియుండవలెను. ఫీజు తక్కువయని మాస్టర్సు విడిచి ఏదో యొక డిప్లొమాకు మాఱిన పిల్లలు ఇచ్చటనే చిక్కుకొనుచున్నారు.

అయిదవ జాబు వేఱు. అది బిడ్డను గూర్చినది గాదు, తన్ను గూర్చి తానే వ్రాసినది. ఆ సోదరికి 34 ఏండ్లు, ఇద్దఱు పిల్లలు. పిల్లలను అత్తగారియొద్ద విడిచి రెండేండ్లు పోయి చదివి, ఉద్యోగము సంపాదించుకొని వారిని పిలిపించుకొనవలెనని ఆమె సంకల్పము. అమ్మా, 2024 జూలై 1కి పూర్వము ఈ వీసాకు 50 ఏండ్ల లోపువారందఱును అర్హులు. ఆనాటినుండి దరఖాస్తు పెట్టునాటికి 35 దాటియుండరాదు. మీరు చదువు ముగించునప్పటికి 36 నిండును. పరిశోధన ద్వారా మాస్టర్సు గాని, పిహెచ్.డి. గాని చేసినవారికి మాత్రము 50 ఏండ్ల మినహాయింపు నిలిచియున్నది. మీరు ఫిజిక్సులో ప్రథమశ్రేణియని వ్రాసితిరి గనుక పరిశోధన మార్గమును విచారించి చూడుడు. అది దొరకనిచో పిల్లలను విడిచి పోవలదని నా మనవి. ఈ నియమము చేసినవారికి, పురుళ్ళు పోసికొని, పిల్లలను బడిలో వేసి, అటుపిమ్మట చదువుకొన బూను స్త్రీలు లోకమున నుందురని తోచలేదు కాబోలు. నాకు అర్ధరాత్రి దాటువఱకు ఈ జాబు విడువబుద్ధి కాలేదు.

మా పిల్ల 2025 జనవరిలో క్రొత్తగా ఇంగ్లీషు పరీక్ష వ్రాసి, పోలీసు కాగితమునకు పంపి, బీమా తీసికొని, ఫిబ్రవరిలో దరఖాస్తు పెట్టెను. వీసా వచ్చినది. 2022 డిసెంబరు 29న అమలులోనికి వచ్చిన భారత ఆస్ట్రేలియా వాణిజ్య ఒప్పందము వలన, మాస్టర్సు చదివిన మనవారికి ఇతర దేశములవారి రెండేండ్లకు మాఱుగా మూడేండ్లవఱకు ఉండుట కవకాశమున్నది. మే నెల స్నాతకోత్సవమునకు వదినగారు పోలేదు. ఫోనులో చూచిరి. ఆ టిక్కెట్టు సొమ్ము వడ్డీకి కట్టినారు. గాజుల రెండవ జత ఇంకను బ్యాంకులోనే యున్నది. దసరాకు విడిపించెదనని పిల్ల వ్రాసినది.

మొదటి నలుగురు సోదరీమణులును నేడే తమ పిల్లలకు ఫోను చేసి మూడు సంగతులడుగవలెను. క్రైకాస్ పట్టికలో మీ కోర్సునకు ఎన్ని వారములు? మొత్తము సబ్జెక్టులెన్ని? మినహాయించినవి ఎన్ని? ఆ మూడంకెలను ఒక కార్డుమీద నాకు వ్రాసినచో మావారిచేత లెక్క వేయించి తిరుగుటపాలో పంపెదను. ఆ పైన తుది మాటను హోం అఫైర్స్ శాఖవారి ప్రకటనలలో చూచుకొని, సందేహమున్నచో నమోదైన మైగ్రేషన్ ఏజెంటునడిగి స్థిరపఱచుకొనవలెను. "మాకు దిగులు లేదు గదా" యని వ్రాసిన సోదరి మాత్రము కార్డుకొఱకు ఆగక, మా పత్రికా కార్యాలయమునకు ఫోను చేసి నాకు తెలుపవలెను. వారి అమ్మాయి చివరి సెమిస్టరు వచ్చే నెలలో మొదలగునని జాబులో నున్నది.